మార్కులు వేసి ఎంచుకున్న తెర

జూన్ నెల రెండో శనివారం, సాయంత్రం ఏడు గంటలు. నేరేడ్‌మెట్‌లో మా ఇంటి ముందుగది. వాన పడి వెలిసింది.

హాజరైనవారు: నా భార్య. ఆమె చెల్లెలు, బోయిగూడ నుంచి. మా అమ్మాయి, అల్లుడు, మల్కాజ్‌గిరి నుంచి. నేను.

చర్చి కమిటీకి చాలా ఏళ్ళు కార్యదర్శిగా ఉండి మినిట్స్ రాసినవాణ్ణి. అందుకని నా డైరీలో ముఖ్యమైన రోజు ఏదైనా ఇలాగే మొదలవుతుంది. ఎవరు వచ్చారో రాశాక ఎందుకు వచ్చారో రాయాలి. ఇంట్లో కొత్తగా ప్రొజెక్టరు, తెర బిగించాం. దానిమీద మొదటి సినిమా చూడటానికి అందరం చేరాం. ప్రొజెక్టరు ఉండటం ఈ రోజుల్లో గొప్పేమీ కాదు, మా వీధిలోనే రెండు ఇళ్ళల్లో ఉన్నాయి. మాకు తేలవలసిన సంగతి వేరే. ఆ తెరమీది మనుషుల ముఖాలు నా భార్యకు కనబడతాయా, లేదా?

ఆమె బళ్ళో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరైంది. మూడేళ్ళ కిందట రెండు కళ్ళల్లోనూ నడిమి చూపు పోయింది. కంటి వెనక మధ్యలో ఉండే చిన్న చోటు అరిగిపోయిందనీ, అంచుల చూపు మాత్రం మిగులుతుందనీ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. అంటే ఆమె మనకేసి చూస్తే మన చెవులు కనబడతాయి, జుట్టు కనబడుతుంది, భుజాలు కనబడతాయి. ముఖం ఉండాల్సిన చోట మసక. డాక్టరు చెబుతున్నంతసేపూ నేను ఆ కాగితం కేసి చూడలేకపోయాను. ఆమె మాత్రం ఆ బొమ్మలో రెటీనాని కాస్త మందంగా గీశారని ఆయనకు చెప్పింది.

ఆ తర్వాత ఆమె ఇల్లు నడిపిన తీరు చూసి నేను ఎంత నేర్చుకున్నానో రాస్తే పెద్దదవుతుంది. ఉప్పు, పంచదార సీసాలకి రబ్బరు బ్యాండ్లు తొడిగింది. గ్యాసు మంటని చప్పుడుబట్టి పోల్చుకుంటుంది. ఇంటికొచ్చినవాళ్ళని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టి, వాళ్ళు నోరు విప్పకముందే వరస పెట్టి పిలుస్తుంది. కొత్తవాళ్ళకి ఆమె చూపు పోయిందని తెలియను కూడా తెలియదు.

ఒక్క సినిమా విషయంలో మాత్రం ఓడిపోయింది. ఆదివారం చర్చినుంచి వచ్చి, భోజనాలు చేసి, అందరం కలిసి ఒక సినిమా చూడటం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. మొదట్లో చెల్లెలు ఆమె పక్కన కూర్చుని తెరమీద జరిగేదంతా చెవిలో చెబుతుండేది. కొన్నాళ్ళకి నా భార్య ఆమెను ఆపేసింది. "నువ్వు చెప్తుంటే మాటలు పోతున్నాయే, మాటలు వింటుంటే నువ్వు పోతున్నావు" అంది. అప్పట్నుంచి భోజనాల బల్ల దగ్గర, టీవీకి వీపు తిప్పి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో బట్టలు మడతపెడుతూనో వింటుంది. మేం నవ్వినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వుతుంది. ఆ ఆలస్యం నాకు గుచ్చుకునేది.

పోయిన చలికాలంలో చర్చిలో ఒకరింటి పెళ్ళికి వెళ్ళాం. రిసెప్షన్ హాల్లో వేదిక పక్కన గోడంత తెర పెట్టి, పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ అందులో పెద్దగా చూపిస్తున్నారు. మేం ఆలస్యంగా వెళ్ళాం. ఆ తెర పక్కనే, ఎవరూ కూర్చోవడానికి ఇష్టపడని కుర్చీలు మాకు దొరికాయి. అంత దగ్గర్నుంచి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు దీవెన మాటలు చెబుతున్నారు. నా భార్య తల ఒక పక్కకి తిప్పి, హాలు తలుపుకేసి చూస్తున్నట్టు కూర్చుంది. మధ్యలో నా చెయ్యి గిల్లింది.

"పెళ్ళికూతురు నవ్వు ఆపుకుంటోంది చూడండి" అంది.

చూశాను. నిజమే. ఆ పిల్ల కింది పెదవి పళ్ళతో నొక్కిపెట్టి నవ్వు మింగుతోంది. హాల్లో ఇంకెవరూ గమనించినట్టు లేదు. నీకెలా కనబడిందని అడిగాను. నేరుగా చూస్తే ఏమీ లేదనీ, తలుపుకేసి చూస్తే కంటి చివర ఆ పిల్ల ముఖం వచ్చి నిలబడిందనీ చెప్పింది. "ఎంత పెద్దదో! నా ఎత్తుంది ముఖం" అంది.

ఆ రాత్రి డైరీలో పెళ్ళి భోజనం గురించి ఒక్క ముక్క లేదు. ముఖం పెద్దదిగా ఉండి, ఆమె దగ్గరగా కూర్చుంటే, అంచుల చూపుకి అది అందుతుంది. అంత పెద్ద టీవీ మా పెన్షన్లకి అందదు. ప్రొజెక్టరు అందుతుంది. ఇంత తేలికైన ఆలోచన మూడేళ్ళు నాకు రాలేదు.

నేను ఉద్యోగం చేసింది రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో. ఏ పని మొదలుపెట్టినా ముందు ప్లాను గీయకపోతే చెయ్యి ఆడదు. ముందుగది కొలిచి, స్కేలు ప్రకారం గీశాను. కిటికీలు, తలుపులు, సోఫా, స్విచ్ బోర్డు, అన్నీ వచ్చాయి. తెర ఏ గోడకో, ప్రొజెక్టరు దానికి ఎంత దూరంలో ఉంటే బొమ్మ ఎంత వెడల్పు వస్తుందో లెక్కకట్టాను. కొనేముందు ఒకసారి సరిచూసుకుందామని పాస్టరుగారిని అడిగి, పాటల పదాలు గోడమీద చూపించే చర్చి ప్రొజెక్టరుని ఒక సాయంత్రానికి ఇంటికి తెచ్చాను. వెనకగోడ దగ్గరి బీరువా మీద పెట్టాను. ఎదుటి గోడకి దుప్పటి కట్టాం.

బొమ్మ పడింది. దానిమీద నల్లటి నీడలు గిరగిరా తిరుగుతున్నాయి.

ప్లాను అంటే గదిని పైనుంచి చూసి గీసేది. అందులో గోడలూ గుమ్మాలూ ఉంటాయి. కప్పునుంచి వేలాడే ఫ్యాను ఉండదు. నా ఉద్యోగకాలమంతా ఫ్యాను లేని గదులే గీశాను, ఇప్పుడూ అదే చేశాను. ప్రొజెక్టరు వెలుగు సరిగ్గా ఫ్యాను రెక్కల మధ్యనుంచి పోతోంది. ఏప్రిల్ చివర, ఫ్యాను ఆపితే ఉడికిపోతాం. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "నాన్నా, హీరోకంటే ఫ్యానే ఎక్కువ సీన్లలో ఉంది" అంది.

అప్పుడే నా భార్యని తెర దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఆమె కూర్చోగానే ఆమె తల నీడ బొమ్మ సగానికి పడింది. ముందు ఫ్యాను, ఇప్పుడు తల. ఎలా ఉందని అడిగాను.

"బాగుంది" అంది.

అక్కడే నాకు భయం పట్టుకుంది. ఆమె సంగతి నాకు తెలుసు. ఎవరింట్లో భోంచేసినా బాగుందంటుంది. దర్జీ జాకెట్టు బిగుతుగా కుట్టినా బాగుందని తీసుకొచ్చి, ఇంట్లో విప్పుకుని తనే కుట్టుకుంటుంది. ఎదుటివాళ్ళు పడిన శ్రమని తక్కువ చేసి మాట్లాడటం ఆమెకు చేతకాదు. నీడల మధ్య సగం బొమ్మ కూడా ఆమెకు బాగుంటే, ఏ ప్రొజెక్టరు నిజంగా కనబడుతోందో నాకెలా తెలుస్తుంది? కొన్నాక జీవితాంతం బాగుందంటూ దానిముందు ఊరికే కూర్చుంటుంది. చిక్కుడుకాయల ఈనెలు తీసుకునే వీలు కూడా ఉండదు పాపం.

ఫ్యాను సంగతి నా చేతిలో పని కాబట్టి ముందు అది చూశాను. ఈసారి గదిని పక్కనుంచి కోసి చూసినట్టు నిలువు బొమ్మ గీశాను. ప్రొజెక్టరు ఫ్యానుకంటే కిందుగా, వెనకగోడకి కొట్టిన చిన్న చెక్క బల్ల మీద ఉంటే వెలుగు రెక్కల కిందనుంచి పోతుంది. ఆమె నీడ పడకూడదంటే ఆమె తల ఆ వెలుగుకి కిందుగా ఉండాలి. అందుకని ఆమెని పొట్టికాళ్ళ పేము కుర్చీలో కూర్చోబెట్టి, నేలనుంచి నడినెత్తిదాకా టేపుతో కొలిచాను.

"శవపెట్టె చేయించేస్తున్నారా ఏంటి, అప్పుడే?" అంది.

అలా కదలకుండా కూర్చోమన్నాను. ఆ కుర్చీలో అయితే ఆమె తల వెలుగుకి నాలుగు వేళ్ళ కిందుగా వస్తోంది. మహా అయితే తలలో పూలు పెట్టుకుంటే ఆ పూలనీడ పడుతుంది. అదీ చెప్పాను. తను పూలు పెట్టుకుని ఎన్నాళ్ళయిందో, కావలసినంత చోటు ఉందంది.

సికింద్రాబాద్‌లో గడియార స్తంభం చుట్టుపక్కల ప్రొజెక్టర్లు అమ్మే దుకాణాలు రెండు మూడు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తాయని అల్లుడు అన్నాడు. కానీ పెట్టెమీద రాసిన వెలుగు లెక్కలు, ముఖ్యంగా చవకరకాల మీద రాసేవి, నమ్మేలా ఉండవు. అదీగాక కొనేది ఆమె కళ్ళకోసం. ఆ కళ్ళు దుకాణానికి రావాలి. బస్సెక్కి వెళ్ళాం. మొదటి రోజు రెండు దుకాణాల్లో నాలుగు ప్రొజెక్టర్లు చూశాం. నాలుగూ బాగున్నాయంది. వచ్చేటప్పుడు ఆటోలో నేను మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటంలేదో ఆమెకు అర్థమైంది. "నిజంగానే బాగున్నాయండీ" అంది మళ్ళీ.

రాత్రి అమ్మాయితో ఫోన్లో చెప్పుకున్నాను. అది చిన్నప్పుడు రెండేళ్ళు వాళ్ళమ్మ క్లాసులోనే చదివింది. ఆ గాయాలు ఇంకా మానలేదు.

"అమ్మని ఎలా ఉందని అడక్కు నాన్నా, అబద్ధమే చెప్తుంది. మార్కులు వెయ్యమను. సొంత కూతురికి పదికి నాలుగేసిన మనిషి. అందులో మాత్రం అబద్ధమాడదు" అంది.

అక్షరాలా నిజం. ఆమె పేపర్లు దిద్దే రోజుల్లో ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. అర మార్కు వెయ్యాలా వద్దా అని ఒక్కో పేపరు పట్టుకుని టీ చల్లారిపోయేదాకా కూర్చునేది. ఒకసారి హెడ్‌మాస్టరుగారి బంధువు పిల్లవాడికి రెండు మార్కులు కలపమని కబురొస్తే, ఆ పేపరు మళ్ళీ మొదట్నుంచి దిద్ది, ముందు వేసినదానికంటే ఒకటి తగ్గించి పంపింది. అంతకుముందు ఒక తప్పు చూసుకోలేదని పైన రాసి మరీ పంపింది. మాటల్లో అంత మెత్తని మనిషి, ఎర్ర పెన్ను పట్టుకుంటే ఇంకొకరు.

వారం తర్వాత మూడో దుకాణానికి వెళ్ళాం. దుకాణాదారు నలభై ఏళ్ళ మనిషి. వెనక చీకటి గదిలో తెర కట్టి ప్రొజెక్టర్లు వరసగా పెట్టుకున్నాడు. ఇంటి కొలతలు, ఆమె కూర్చునే దూరం నేను చెప్పాను. ఆమె కళ్ళ సంగతి ఆమే చెప్పింది. ఆయన వినీ వినగానే అన్నిటికంటే వెలుగు ఎక్కువిచ్చేది వేశాడు. చూపు తక్కువైనవాళ్ళకి వెలుగు ఎక్కువ కావాలని నేనూ అనుకుంటూనే ఉన్నాను. తెరమీద రామచిలకలు, పూలు, జలపాతాలు. నా కళ్ళు జిగేల్మన్నాయి. నేను ఎలా ఉందని అడగలేదు.

"పదికి ఎన్ని?" అన్నాను.

ఆమె నడుం నిటారుగా పెట్టింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. కుర్చీ ముందుకి లాక్కుంది. నాకు ఆ కూర్చోవడం తెలుసు.

"మూడు."

దుకాణాదారు ముఖం చిన్నబోయింది. "మూడా? అమ్మా, జెర మంచిగ చూసి ఎయ్యుర్రి. మా దుకాణంల ఇదే ఫస్టు పీసు."

"చూసే వేశాను బాబూ. అంతా తెలుపుమీద తెలుపులా ఉంది. కళ్ళు మూసుకోవాలనిపిస్తోంది. మూడు కూడా పాపం వెలుగు బాగా ఉందని వేశాను" అంది.

ఆయన రిమోటు తీసుకుని వెలుగు తగ్గించాడు. ఐదంది. నలుపు ఇంకా నల్లగా వచ్చేలా ఏదో మార్చాడు. ఐదున్నర. రంగులు తగ్గించాడు. ఐదున్నరే. పక్కనున్న ఇంకొకటి, వెలుగు తక్కువది, అంతకంటే చవకైనది వేశాడు. ఆరు. ఇప్పుడు ఆయనకి పట్టుదల వచ్చేసింది. బయట ఎవరో పిలుస్తుంటే ఆగమని కేకేసి, ఆమె పక్కన నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"ఇంకో రెండు మార్కులు పడాల్నంటే ఏం జెయ్యాలె, చెప్పుర్రి మేడం."

"ఈ చిలకలెందుకు బాబూ? మనుషుల్ని చూపించు."

దుకాణంలో ఉన్న వీడియోలన్నీ పూలూ పిట్టలే. ఆయన కాసేపు వెతికి, చివరికి తన సెల్‌ఫోన్ తగిలించి, వాళ్ళ పాప పుట్టినరోజు వీడియో వేశాడు. కేకు ముందు నిలబడిన పాప ముఖం తెర నిండా వచ్చింది. నా భార్య తల తిప్పి, పక్కనున్న అట్టపెట్టెల కేసి చూస్తూ చాలాసేపు ఉంది. కొవ్వొత్తి ఊది పాప నవ్వింది.

"ముందుపళ్ళు రెండూ ఊడాయే" అంది ఆమె.

"ఔ మేడం" అన్నాడాయన, నెమ్మదిగా. "ఇప్పుడొచ్చినయి."

ఎనిమిది వేసింది. మిగతా రెండు ఎందుకు పోయాయని ఆయనే అడిగాడు. తెరలోనే పోయాయంది. దుకాణంలో కట్టిన తెర నున్నగా మెరిసే రకం. వెలుగు దానిమీద ఒకచోట ముద్దగా పడి తిరిగొస్తోందని ఆమె వివరించింది. బళ్ళో నల్లబల్లకి కొత్తగా రంగేసినప్పుడు కిటికీవైపు పిల్లలకి అక్షరాలు కనబడేవి కావట. ఎన్నిసార్లు చెప్పినా మెరిసే రంగే వేసేవాళ్ళట. చివరికి ఆమే బొగ్గుపొడి రుద్ది ఆ మెరుపు చంపేదట. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు కొత్త.

దుకాణాదారు తెర గుడ్డల నమూనాలు తెచ్చాడు. జేబురుమాళ్ళంత ముక్కలు. తెల్లవి, వెండిలా మెరిసేవి, లేత బూడిదరంగువి. ఒక్కోటి వెలుగులో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఒక్కోదానికి మార్కులు చెప్పింది. మెరుపు లేని లేత బూడిదరంగు గుడ్డకి అన్నిటికంటే ఎక్కువ పడ్డాయి. నేనైతే తెల్లదే కొనేవాణ్ణి. తెర అంటే తెల్లగా ఉండాలని మనకి చిన్నప్పట్నుంచీ ముద్రపడిపోయింది. గది చీకటిగా ఉంటే బూడిదరంగు మీద నలుపు నల్లగా నిలుస్తుంది. కంటిగుడ్డూ కనుబొమ్మా వేరువేరుగా తెలుస్తాయి. నాకు కూడా ముఖాలు అందులోనే బాగున్నాయని ఒప్పుకున్నాను.

ఐదు స్పీకర్ల సెట్టు కూడా కొందామని అమ్మాయి ముందే చెప్పి పంపింది. దుకాణాదారు అదీ చూపించబోయాడు. నా భార్య చెయ్యి అడ్డం పెట్టింది. "చెవులు బాగానే ఉన్నాయి బాబూ. వాటికి మూడేళ్ళుగా ఓవర్‌టైమే" అంది. ఆయన గట్టిగా నవ్వాడు. ఒక చిన్న స్పీకరుతో సరిపెట్టుకున్నాం. బిగించడానికి ఆయనే స్వయంగా వచ్చాడు. నేను గీసిన నిలువు బొమ్మ చూసి, ఫ్యాను మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకున్నారని మెచ్చుకున్నాడు. ఎందుకు గుర్తుపెట్టుకున్నానో చెప్పలేదు.

ఇదంతా మే నెలలో. తెర గోడకెక్కాక మా అమ్మాయి ఒక శనివారం అనుకుని అందరినీ పిలిచింది. ఆదివారందాకా ఆగడం దానివల్ల కాలేదు. సినిమా కూడా అదే ఎంచింది. ఒక తల్లి, ఇద్దరు కొడుకులు, పోయిన ఒక గొలుసు. ఆ గొలుసు చుట్టూ నడిచే కుటుంబ కథ. పోయినేడు టీవీలో వచ్చినప్పుడు నా భార్య బట్టలు మడతపెడుతూ విన్నది. మాటలు బాగున్నాయని మెచ్చుకుంది కూడా.

మళ్ళీ ఆ సాయంత్రానికి వస్తాను. కర్టెన్లు వేశాం. నా భార్య పొట్టికాళ్ళ కుర్చీలో, తెరకి దగ్గరగా, కొంచెం పక్కగా కూర్చుంది. మేం వెనక సోఫాలో. బొమ్మ పడింది. ఫ్యాను తిరుగుతోంది, నీడ లేదు. ఆమె తల నీడా లేదు. నా పని వరకు నేను పాసయ్యాను.

దుకాణంలో చూసింది ఒక పాప ముఖం. అది నిలబడి నవ్వుతుంటే వెతికి పట్టుకోవచ్చు. సినిమాలో ముఖాలు నిలవవు. ఒకటి వచ్చి, పోయి, ఇంకొకటి వస్తుంది. కంటి చివరతో వాటిని వేటాడటం రెండు గంటలపాటు సాగే పనేనా? ఆమెకి తలనొప్పి వస్తుందేమో. మధ్యలో ఆశ వదిలేసుకుని ఎప్పటిలాగా వింటూ కూర్చుంటుందేమో. మేం నలుగురం తెరకంటే ఆమె తలనే ఎక్కువ చూశాం. మొదట ఎడమకి తిరిగి ఉంది. కాసేపటికి కుడికి. తర్వాత చాలాసేపు కదల్లేదు. నవ్వొచ్చే చోట నవ్వింది. ఆలస్యంగానా, మాతోపాటేనా? చెవులు నిక్కించి విన్నాను గానీ, నేనే ముందు నవ్వడం మర్చిపోయాను కాబట్టి తేల్చుకోలేకపోయాను.

సినిమా అయిపోయి దీపాలు వేశాక చెల్లెలు ఉండబట్టలేకపోయింది. "ఎట్లా ఉందక్కా?" అంది.

"బాగుంది" అంది నా భార్య.

అమ్మాయి నాకేసి చూసింది. మార్కులడగమని ఆ చూపుకి అర్థం. నాకు ధైర్యం చాలలేదు. దుకాణంలో మూడు వేస్తే ఇంకోటి చూపించమనొచ్చు. గోడకి బల్ల కొట్టి, తెర బిగించి, ఇంతమందిని కూర్చోబెట్టాక మూడు వేస్తే? అల్లుడు లేచి, ఆకలేస్తోందన్నాడు. అందరం భోజనాల్లో పడ్డాం. ఆమె మామూలుగానే వడ్డించింది. పులుసులో ఉప్పు తక్కువైందని చెల్లెలు అంటే, ఏదో ఆలోచిస్తున్నట్టు ఊఁ అంది. వాళ్ళందరూ ఒకే కారులో వెళ్ళిపోయారు. ఆమె తొందరగా పడుకుంది. నేను డైరీ తెరిచి, హాజరైనవారిని రాసి, కింద ఏం రాయాలో తెలియక మూసేశాను.

మరునాడు ఆదివారం. నేను లేచేసరికి ఆమె వంటింట్లో లేదు. ముందుగదిలో, ఖాళీ తెర ఎదురుగా, అదే పొట్టి కుర్చీలో కూర్చుని ఉంది. కాఫీ కూడా పెట్టలేదు. ఒంట్లో బాగాలేదేమోనని దగ్గరికి వెళ్ళాను.

"పెద్దకొడుకే కదండీ గొలుసు తీసింది?" అంది.

వెంటనే అర్థం కాలేదు. సినిమా గురించి అని తెలిసి, అవునన్నాను.

"వాడు మంచివాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ గొంతు అంత మెత్తగా ఉంటుంది. తీసినవాడు దొరక్కుండానే కథ అయిపోయిందనుకున్నాను. నిన్న తల్లి అడిగినప్పుడు, నాకు తెలీదమ్మా అన్నాడు చూడండి, అప్పుడు ఆవిడకేసి చూడలేదు. చేతులకేసి చూసుకున్నాడు. ఆవిడకీ తెలిసిపోయింది. తెలిసి కూడా నోరెత్తలేదు. ఆవిడ పెదవి ఇలా అయింది." తన పెదవిని కొద్దిగా లోపలికి బిగించి చూపించింది. అచ్చం సినిమాలో తల్లి చేసినట్టే. "రాత్రంతా అదే. ఇన్నాళ్ళూ నేను విన్నది వేరే కథ. మీరెవరూ చెప్పలేదేం?"

నీకు తెలుసనుకున్నామని చెప్పాను. నిజంగానే అనుకున్నాం. ఆ సినిమాలో వాడు తీశాడని ఎవరూ మాటల్లో చెప్పరు. చూసినవాళ్ళందరికీ తెలుస్తుంది కాబట్టి చెప్పుకోవలసినదిగా మాకు తోచలేదు.

"మెత్తటి గొంతుతో అబద్ధం చెప్పాడు వెధవ" అంది. ఆమె నోట ఆ మాట నేను చాలా అరుదుగా విన్నాను. చాలా సంతోషంగా ఉంది. ఎంత చక్కగా చేశాడో ఆ నటుడు, కళ్ళు దించడానికి ముందు ఒక్క క్షణం ఆగాడు, ఆ ఆగడంలోనే ఉందంతా, అంటూ ఇంకా చాలా చెప్పింది. నేను గమనించనివి కూడా ఉన్నాయి అందులో. నిలబడి విన్నాను.

ఆ తర్వాత లేచి కర్టెన్లు తనే లాగేసింది. ఆ చోటు మళ్ళీ ఒకసారి వెయ్యమంది. పగలు బొమ్మ కాస్త పలచగా ఉంటుందన్నాను. పరవాలేదంది. చర్చికి టైమవుతుందన్నాను. ఒక్క సీనే కదా అంది. వేశాను. ఆ సీను అయ్యాక, వాడు మొదట్లో ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు ముఖం ఎలా ఉందో చూడాలంది. అది చూశాక, అయితే తమ్ముడికి ఎప్పుడు తెలిసిందో చూడాలంది. నేను పక్కనే నేలమీద కూర్చున్నాను. కాఫీ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఆ ఆదివారం మేం చర్చి మెట్లెక్కేసరికి లోపల రెండో పాట పాడుతున్నారు.